ఎడమవైపు తలుపు

మా ఆయన కారు స్టయిలా, నవ్వులాటా అని ఎనభై తొమ్మిది ఎండాకాలమంతా మా చుట్టుపక్కల పంచాయితీ నడిచింది. నిడమనూరు చాయ్ కొట్టు ముందు, త్రిపురారం కాలువగట్టు మీద, సూర్యాపేట బస్టాండు దగ్గర, ఆ బండి ఎక్కడ ఆగితే అక్కడ మనుషులు రెండు జట్లయ్యేవారు. ఒకరు ముద్దుగా ఉందంటే ఇంకొకరు సబ్బుపెట్టె అనేవారు. ఉగాది వెళ్లాక నా పెళ్లయింది. అప్పటినుంచి జూన్‌లో పడే మిరుగు వానల దాకా రెండున్నర నెలలు ఆ బండిలో కూర్చున్నదాన్ని నేను. నన్ను మాత్రం ఆయన తప్ప ఎవరూ అడగలేదు. ఆయన అడిగిన ప్రతిసారీ నేను జవాబు చెప్పకుండా దాటేశాను.

మా ఆయన పేరు బాల్యా. సాగర్‌లో ఒక ఇంజినీరు దగ్గర ఆరేళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ సారు బదిలీ అయి పోతూ, అమ్మబోతే ఎవరూ కొనని తన పాత చిన్న కారును ఆయనకే ఇచ్చి వెళ్లాడు. అది ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు. ముందు ఉండాల్సిన ఇత్తడి అక్షరాలు ఎప్పుడో ఊడిపోయి, వాటి చిల్లులే మిగిలాయి. రంగు పాలపిట్ట రంగు. తలుపులు రెండే. వెనక వీపు గూనిగా వంగి ఉండేది. ఎటు తిరగాలంటే అటువైపు తలుపు పక్క సందులోంచి జానెడు ఎర్ర పుల్ల ఒకటి టక్కున పైకి లేచేది. మూల తిరిగాక ఆ పుల్ల ఒక్కోసారి లోపలికి పోయేది కాదు. అప్పుడు బాల్యా తన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దాన్ని లోపలికి కొట్టేవాడు. తండా పిల్లలు ఆ పుల్ల కోసమే బండి వెంట పరుగెత్తేవాళ్లు. ఇంజను వేడెక్కాక ఆపితే మాత్రం గంటదాకా మళ్లీ లేచేది కాదు.

ఆ వేడి ఇంజనే నా పెళ్లినాడు నా పాట మింగింది.

మేము లంబాడోళ్లం. పెళ్లయిన పిల్ల పుట్టిన తండా విడిచిపెట్టేటప్పుడు మాలో ఎద్దు మీద నిలబడి, రెండు చేతులూ ఎత్తి పాడుతుంది. పాట అంటే ఏడుపే. కన్నవాళ్లని, అన్నదమ్ముల్ని, చివరికి తను నీళ్లు తోడిన బావిని కూడా పేరుపెట్టి పిలిచి సెలవు తీసుకుంటుంది. మా అమ్మ సాలి నాకు ఆ పాట నెల రోజులు నేర్పింది. తండాలో అప్పటికే ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి. అమ్మ పట్టుబట్టి పక్క ఊరినుంచి ఒక తెల్ల ఎద్దును అడుక్కొచ్చి, కొమ్ములకు రంగు పూసి, ఇంటిముందు కట్టేసింది.

సాగనంపే పొద్దుకు బాల్యా కారు స్టార్టు చేసి పెట్టుకున్నాడు. బండి పొగలు కక్కుతూ వణుకుతోంది.

"జల్ది ఎక్కుమనుండ్రి. గీ ఇంజన్ బంద్ అయితే ఇగ పొద్దూకేదాక గీడనే," అన్నాడు.

"ఎద్దు మీద నిలబడకుండ బిడ్డ ఎట్ల పోతది?" అంది అమ్మ.

"కారొచ్చినంక ఎద్దెందుకత్తా? ఎద్దు ఇంటికాడ్నే ఉండనీ."

మా నాన్న ధన్‌సింగ్ ఇటు అమ్మనీ అటు బండినీ చూసి, అల్లుడితో మొదటిరోజే మాట ఎందుకనుకున్నాడేమో, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఎక్కించాడు. తలుపు పడింది. నేను లోపలే పాట ఎత్తుకున్నాను. నా వైపు అద్దం రెండు వేళ్లంత మాత్రమే దిగేది. అమ్మ బండి పక్కన కొంతదూరం పరుగెత్తింది. ఆ ఏడు వానాకాలం కలిసినప్పుడు చెప్పింది: "నీ నోరు కదులుడు కనబడ్డది బిడ్డా. పాటైతే ఇనబడలే."

అత్తగారి తండాలో బండి ఆగింది. బాల్యా దిగి, ముందునుంచి తిరిగి నా వైపు వచ్చి, తలుపు తీసి ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు. తండా ఆడవాళ్లంతా నోళ్లు తెరిచారు. మొగుడు పెళ్లానికి తలుపు తీయడం ఆ తండా పుట్టాక ఎవరూ చూడలేదు.

"దొరసానిని దించినట్టు దించిండు మా తమ్ముడు," అంది మా ఆడబిడ్డ సుక్కి. మొగుడు పోయాక ఆమె పుట్టింట్లోనే ఉంటోంది. వెక్కిరింపూ మెచ్చుకోలూ ఆమె గొంతులో ఎప్పుడూ కలిసే ఉంటాయి.

ఉన్నమాట చెప్పాలి, ఆ క్షణం నాకూ గర్వమనిపించింది. అమ్మకు వినపడని పాట సంగతి కాసేపు మరిచిపోయాను. అత్త గౌరీబాయి బండికి దిష్టి తీసి, స్టీరింగుకు కుంకుమ పెట్టి, డ్రైవరు సీటు చూపించి నాకు మొదటి బుద్ధి చెప్పింది.

"గది మొగోడు కూసునే జాగ. అన్నం బెట్టే జాగ. నీ కాలు గాడ తగలనియ్యకు."

సరేనని తలూపాను.

రెండోరోజు ఫొటో దిగడానికి సూర్యాపేట పోయాము. స్టూడియో ముందు బండి ఆగగానే నేను దిగుదామని తలుపు తడిమాను. హ్యాండిల్ ఉండాల్సినచోట వేలెడంత ఇనుప మొన ఒక్కటే ఉంది. రెండు చేతులతో తిప్పాను. కదల్లేదు.

"గీ దిక్కు హ్యాండిల్ ఏది?"

"నా దిక్కుది ఇరిగింది. పట్నంల పాతసామాన్ల బజారంత తిరిగిన, దొరకలే. నీ దిక్కుది ఇప్పి నాకు పెట్టుకున్న. జర ఉల్టా పడ్డది, పైకి లేపితె తెరుసుకుంటది. పర్వాలే."

"మరి నేనెట్ల దిగాలె?"

"నేన్లేనా?" అని నవ్వాడు. "సార్ వాళ్ల మేడానికి ఆరేండ్లు డోర్ తీసిన. ఒక్కనాడు ఆమె తన చేత్తోని తీసుకోలే. నా పెండ్లాం ఆమెకంటె తక్వనా?"

ఆయన అది ప్రేమతోనే అన్నాడు. అప్పుడూ కాదనలేకపోయాను, ఇప్పుడూ కాదనలేను. ఫొటో తీసే అతను బండిని చూసి స్టూడియోలోని పూలకుండీల బొమ్మతెర వద్దన్నాడు. "అమ్మా, నువ్వు లోపల్నే కూసో. అద్దంలకెళ్లి సూడు. బయట మీ ఆయన నిలబడ్తడు. మస్తొస్తది," అన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా గోడకు ఉంది. అందులో బాల్యా నవ్వుతూ బండికి ఆనుకుని ఉంటాడు. నేను అద్దం వెనక ఉంటాను, ముక్కుపుడక మీద ఎండ పడి మొహం సగమే కనపడుతుంది.

ఇక అక్కడినుంచి ఎవరు చుట్టం వచ్చినా అదే వరస. "జమునా, కార్ల కూసో, మామకు సూపియ్యాలె," అనేవాడు. నేను పోయి కూర్చునేదాన్ని. ఎర్ర పుల్ల లేచేది, పడేది. చుట్టం వంగి అద్దంలోంచి నన్ను చూసి, "బాగున్నది," అనేవాడు. బండిని అన్నాడో నన్ను అన్నాడో తెలిసేది కాదు. ఒకసారి లింగ్యా మామ వచ్చినప్పుడు వాళ్లు మాట్లాడుకుంటూ అన్నాలకు లేచిపోయారు. నేను లోపలే ఉండిపోయాను. మిట్టమధ్యాహ్నం. సీటు రెగ్జిను ఎండకు కాలి తొడలకు అంటుకుంది. గట్టిగా పిలిస్తే మామ ముందు ఏం బాగుంటుందని ఊరుకున్నాను. చివరికి గడ్డిమోపుతో అటు వచ్చిన సుక్కి చూసి తలుపు తీసింది.

"నోరు లేదా నీకు?" అంది.

"ఉన్నది."

"ఉంటే పిలువొద్దా?"

సుక్కి కొంగుతో నా మొహం తుడిచింది. "మా తమ్ముడు చెడ్డోడు గాదు పిల్లా. మతిమరుపోడు," అంది. అది నాకూ తెలుసు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఊరట పడేదాన్ని.

ఇంట్లో సంగతీ అంతకంటే మెరుగేం కాదు. కొత్త కోడలు ఏడాదిదాకా ఒంటరిగా గడప దాటకూడదని అత్త. కాలువకు పోతే సుక్కి వెంట ఉండాలి. మిర్యాలగూడ హాస్టల్లో ఉండి పది పాసయినదాన్ని, ఊరంతా నడిచినదాన్ని, ఇప్పుడు గదిలోంచి బండిలోకి, బండిలోంచి గదిలోకి మారుతున్నాను. రెంటికీ తలుపు బయటివాళ్ల చేతిలోనే ఉంది.

మే నెల చివర్లో కోదాడనుంచి కబురొచ్చింది. ఎరువుల షాపాయన కొడుకు పెళ్లి, బరాతు ఊరేగింపుకు కారు కావాలని. బాల్యా రెండురోజులు బండిని కొబ్బరినూనెతో తుడిచాడు. "కొత్తపెండ్లికూతురు కూసున్న బండి శుభం," అని నన్నూ ఎక్కించుకున్నాడు. వాళ్ల వాకిట్లో బండి ఆగగానే జనం మూగారు. చేతిలో పసుపు తాంబూలం సంచితో పెళ్లికొడుకు మేనమామ వచ్చి చుట్టూ ఒక తిరుగు తిరిగాడు.

"ఇదేం కారయ్యా, అగ్గిపెట్టెలా ఉంది. మావాడు ఆరడుగుల మనిషి. మోకాళ్లు ఎక్కడ పెట్టుకుంటాడు?"

"లోపల మంచిగ జాగ ఉంటది సార్. ఇంజినీర్ సార్ గూడ పొడుగే," అన్నాడు బాల్యా. అని ఎర్ర పుల్ల లేపి చూపించాడు. అదే తప్పయింది. పెళ్లికొడుకు స్నేహితులు విరగబడి నవ్వారు. ఒకడు ఆ పుల్లకు నమస్కారం పెట్టాడు. వాకిలి పక్కనున్న ఆడపిల్లలు మాత్రం, "ఎంత ముద్దుగా ఉందో. బొమ్మలా ఉంది," అన్నారు. మగవాళ్లు, ఆడపిల్లలు, ముసలివాళ్లు తలా ఒక మాట వేసుకున్నారు. పెళ్లికొడుకు వచ్చి చూసి మొహం ముడుచుకున్నాడు.

"నేనెక్కను మావయ్యా. ఆల్బమ్‌లో జన్మంతా నవ్వుతారు."

తెల్ల అంబాసిడరు కోసం మనిషిని పంపారు. అది వచ్చేదాకా, వచ్చాక పూలు కట్టేదాకా, బాల్యా వాళ్ల వెంటపడి బతిమాలుతూనే ఉన్నాడు. నేను ఎండలో బండిలో ఉన్నాను. గొంతు ఎండి నాలుక అంగిటికి అంటుకుంది. ఒక పిల్ల గ్లాసులో నిమ్మరసం తెచ్చింది. అద్దం సందులో గ్లాసు పట్టలేదు.

"లోపలికొచ్చి కూర్చోండక్కా, ఎండలో ఎందుకూ?" అంది.

తలుపు తీయమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే మా ఆయన బండికి లోపల హ్యాండిల్ లేదని అక్కడున్న వాళ్లందరికీ తెలిసిపోయేది. అప్పటికే నవ్వుతున్నారు.

"వద్దులేమ్మా. గీడ బాగనే ఉన్నది," అన్నాను.

వచ్చేటప్పుడు సూర్యాపేట దాటాము. బాల్యా రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"నువ్వు చెప్పు. బండి స్టయిలా, కాదా?"

ఆయన మొహం చూస్తే జాలేసింది. నా దాహం తలచుకుంటే ఒళ్లు మండింది. రెండూ ఒక్క మనిషి మీదే.

"ముందు జూసి తోలు," అన్నాను.

జూన్ మొదట్లో నిడమనూరు పోస్ట్‌మన్ మల్సూర్ నా పేరుమీద కాగితం తెచ్చాడు. మా మూడు తండాలకు కలిపి ఒక అంగన్‌వాడీ పెడుతున్నారని, ఆ తండాల కోడలై ఉండి పది పాసయినవాళ్లు అర్జీ పెట్టుకోవచ్చని సుక్కి ఎక్కడో విని, నాచేత రాయించి తనే పోస్టు చేసింది. ఇంటర్వ్యూ మిర్యాలగూడలో. అర్జీలు పదకొండు. పోస్టు ఒక్కటే.

ఆ కొలువు నాకు ఎందుకు కావాలో చెబుతాను. జీతం సంగతి తర్వాత. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ ఇంట్లోంచి నా కాళ్లతో నేను బయటికి నడవడానికి నాకు కనపడిన దారి అదొక్కటే.

"పిల్లల ముక్కులు తుడిచే కొలువు. మనింట్ల పిల్లలు పుట్టినంక తుడవొచ్చు," అంది అత్త.

బాల్యానే వాళ్లమ్మకు అడ్డం వచ్చాడు. "పోనియ్యే యాడీ. సదువుకున్న పిల్ల ఇంట్ల కూసొని ఏంజేస్తది? నేనే తీస్కపోత. కార్లకెళ్లి దిగితే ఆఫీసరే లేసి నిలబడాలె."

"బస్సుల పోత," అన్నాను. "సుక్కి వదినె తోడొస్తది."

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సా?" అని నొచ్చుకున్నాడు. నేను ఆ పైన అనలేకపోయాను. నాకోసం వాళ్లమ్మకు ఎదురుచెప్పిన మనిషి కదా.

ఇంటర్వ్యూనాడు పది గంటలకల్లా మిర్యాలగూడ చేరుకున్నాం. ఆఫీసు రోడ్డుకు కుడిపక్కన, ఒక పాత పెంకుటింట్లో ఉంది. అరుగు మీద ఆడవాళ్లు కాగితాలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. బాల్యా ఎదురుగా, రోడ్డుకు ఎడమపక్కన వేపచెట్టు కింద బండి ఆపాడు. అరుగు మీదివాళ్లు చూడాలని కుడివైపు ఎర్ర పుల్ల లేపి అలాగే ఉంచాడు. దిగి, ముందునుంచి తిరిగి నా తలుపు దగ్గరికి వచ్చాడు. చెయ్యి హ్యాండిల్ దాకా వచ్చింది.

"ఓ తమ్మీ, ఎవరిదీ బండి?"

స్కూటరు మీద ఒక పెద్దమనిషి. బియ్యం మిల్లులో గుమస్తా, పేరు వెంకటనర్సయ్య అని తర్వాత తెలిసింది. "మా సేఠ్ బిడ్డ పెండ్లికి అంబాసిడర్ వద్దంట, ఎవ్వరి పెండ్లిల లేని బండి గావాల్నంట. వారం నుంచి తిరుగుతున్న. జర మిల్లు దాక వచ్చి మాట్లాడ్తవా?"

ఆ ఎండాకాలమంతా బాల్యా ఎదురుచూసిన మాట అది. ఆయన మొహం ఎలా వెలిగిందో అద్దంలోంచి చూశాను. నావైపు వంగి అద్దం సందులోంచి, "రెండు నిమిషాలు," అన్నాడు.

"డోర్ తీసి పో," అన్నాను.

వడ్ల లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. లారీ దాటేసరికి ఆయన స్కూటరు వెనక కూర్చుని మూల తిరిగిపోతున్నాడు.

రెండు నిమిషాలు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి. అటెండరు మంగయ్య చేతిలో కాగితంతో అరుగు మీదికి వచ్చి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ మూడుసార్లు. పలకకపోతే పెన్సిలుతో గీత. ఒకామె బాత్రూముకు పోయి వచ్చేసరికి గీత పడింది. ఆమె ఏడుస్తూ బతిమాలుతోంది, ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"బాణోతు జమున."

నా పేరు. "ఉన్న, ఉన్న," అని అరిచాను. నా అద్దం సందు ఎడమవైపు, ఆఫీసు కుడివైపు. నా గొంతు వేపచెట్టుకు వినపడి ఉంటుంది.

"బాణోతు జమున, భర్త బాల్యా."

అద్దం మీద అరచేతులతో కొట్టాను. అరుగు మీది ఆడవాళ్లు ఇటు తిరిగారు. ఒకామె వేలు చూపించి ఏదో అంది, అందరూ నవ్వారు. వాళ్లు లేచి ఉన్న ఎర్ర పుల్లను చూస్తున్నారు. బండిని చూస్తున్నారు. బండిలో మనిషి ఉందని ఒక్కరికీ తట్టలేదు. అద్దం వెనక నా నోరు కదులుతోంది. నా పెళ్లినాడు ఒకసారి ఇలాగే కదిలింది.

అప్పుడు నా చూపు అవతలి తలుపు మీద పడింది. దాని మీద నా హ్యాండిల్ ఉంది.

మీరు నవ్వుతారు. రెండు తలుపుల బండిలో ఒకటి రాకపోతే రెండోదాంట్లోంచి దిగొచ్చని చిన్నపిల్లకు కూడా తెలుసు. నాకు రెండున్నర నెలలు తెలియలేదు. లింగ్యా మామ వచ్చిన మధ్యాహ్నం తెలియలేదు, కోదాడలో నాలుక ఎండిపోతుంటే తెలియలేదు. అది మగవాడు కూర్చునే జాగా. అటువైపు ఒక తలుపుందనే నేను ఎప్పుడూ అనుకోలేదు.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి గేరురాడ్ మీదుగా కాలు వేశాను. కాలు నేరుగా బాల్యా సీటు మధ్యలో పడింది. మోకాలు తగిలి హారన్ బొంయ్‌మంది. హ్యాండిల్ కిందికి నొక్కాను, రాలేదు. ఆయన చెయ్యి దాన్ని పైకి లేపడం రోజూ చూసినదాన్నే కదా. పైకి లేపాను. తలుపు తెరుచుకుంది. ఆ పక్క గాలి మొహానికి తగిలింది.

రోడ్డు ఎలా దాటానో గుర్తులేదు. మంగయ్య పెన్సిలు కాగితం మీద ఆనించి ఉంది.

"నేనే. జమున."

"యాడున్నవమ్మా గింతసేపు?"

"గా కార్ల."

ఆయన బండినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "కార్లల్ల తిరిగెటోళ్లకు గీ కొలువెందుకు?" అంటూనే పక్కకు జరిగాడు.

లోపల ఆఫీసరు మేడం ఎక్కువేం అడగలేదు. పదో తరగతి మార్కుల కాగితం చూసింది. తెలుగు, లంబాడీ రెండు భాషలూ వచ్చా అంది, వచ్చన్నాను. "మూడు తండాలు తిరగాలె. రోజూ నడుస్తవా?" అంది.

"నడుస్త మేడం," అన్నాను. అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం లేదేమో. ఆమె తలెత్తి చూసి నవ్వింది.

బయటికి వచ్చేసరికి బాల్యా బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఎడమవైపు తలుపు వేసింది వేసినట్టే ఉంది, లోపల నేను లేను. వంగి సీటు కింద కూడా చూశాడు. నేను అరుగు మీద ఆగిపోయాను. అంత దూరంనుంచి, నిమ్మళంగా, ఆ బండిని నేను చూడటం అదే మొదటిసారి. వేపచెట్టు నీడ గీతలుగా దానిమీద పడింది. గూని వీపు, గుండ్రటి లైట్లు, పక్కన లేచిన ఎర్ర పుల్ల. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.

రోడ్డు దాటి వెళ్లాను.

"ఎట్ల దిగినవ్?" అన్నాడు.

"నీ దిక్కుకెళ్లి."

సీటు మీద నా పాదం దుమ్ము అచ్చు పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు, తుడవబోయి ఊరుకున్నాడు.

"పేరు పిలిసిండ్రా?"

"మూడుసార్లు."

దాని అర్థం ఆయనకు సగమే ఎక్కింది. మిగతా సగం మనసు ఇంకా మిల్లు దగ్గరే ఉంది. "సేఠ్ ఒప్పుకుండు జమునా. ఆయన బిడ్డ మిద్దె మీదికెళ్లి సూడనీకె బండి తెమ్మన్నది. ఇగ చెప్పు, ఇయ్యాలన్న చెప్పు. స్టయిలా, కాదా?"

"బయటికెళ్లి సూస్తె మస్తున్నది," అన్నాను. "నువ్వొకసారి లోపల్నుంచి సూడు. నా జాగల కూసో."

ఆయన నవ్వుతూ ఎడమవైపు కూర్చున్నాడు. నేను తలుపు వేశాను.

వేసి అక్కడే నిలబడ్డాను. కాసేపు ఆయన ముందుకు చూశాడు, నన్ను చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. తర్వాత ఆయన చెయ్యి కిందికి పోయి తలుపు మీద తడమడం మొదలుపెట్టింది. ఇనుప మొన దొరికింది. దాన్ని రెండు వేళ్లతో పట్టి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అద్దం దించబోయాడు, రెండు వేళ్లు దిగి ఆగిపోయింది. అవతలి తలుపు వైపు చూడాలని ఆయనకూ తోచలేదు. రోడ్డవతల మంగయ్య ఎవరినో పిలుస్తున్నాడు. ఆ పేరు మూడుసార్లు పిలిచేదాకా నేను తలుపు తీయలేదు.

ఆయన దిగాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. డిక్కీ తెరిచి స్క్రూడ్రైవరు తీసి, ఆ ఆఫీసు ఎదుటే, అందరూ చూస్తుండగా కుడివైపు తలుపు హ్యాండిల్ విప్పాడు. దాన్ని తెచ్చి నా వైపు బిగించాడు. ఇటువైపు అది ఉల్టా పడలేదు. కిందికి నొక్కితే తెరుచుకుంటుంది.

కొలువు వచ్చిందా అంటే, వచ్చింది. పదిహేను రోజులకు మల్సూర్ ఆ కాగితం కూడా తెచ్చాడు. నాకు ఎక్కువ గుర్తున్నది మాత్రం ఆ సాయంత్రమే. వచ్చేదారిలో నిడమనూరు చాయ్ కొట్టు దగ్గర బండి ఆపాడు. తన అద్దం పూర్తిగా దించి, ఎర్ర పుల్లను కొట్టినట్టే చెయ్యి బయటపెట్టి, బయటి హ్యాండిల్ తిప్పుకుని దిగాడు. చిటికెలో అయిపోయింది. పెళ్లినాడు చేసినా అంత తేలికగానే అయిపోయేది. ఆయన ఒకసారి తన చేతిని, ఒకసారి నన్ను చూశాడు.

అలవాటుగా రెండడుగులు నా వైపు వేసి ఆగిపోయాడు. నేను హ్యాండిల్ నొక్కి, తలుపు తీసుకుని దిగాను. ఎప్పుడూ మా బండి ఆగితే గ్లాసులు పక్కన పెట్టి చూసేవాళ్లు ఆ కొట్టు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. ఆ రోజు ఎవరి చాయ్ వాళ్లు తాగుతున్నారు, ఎవరూ ఇటు తిరగలేదు.